బెరడు ఒలిస్తేనే ఇల్లు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదక మిత్రులు అడిగారు. రాజుల చరిత్ర, యుద్ధాల చరిత్ర సాధికారంగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను చెట్టు బెరడు చరిత్ర రాస్తానన్నాను. వారు నవ్వి, సరే కానివ్వండి అన్నారు. చిన్న విషయమే అయినా అందులో ఎంత పెద్ద కథ దాగి ఉందో చదివిన మీదట మిత్రులే నిర్ణయించాలి.

మన సభ్యులలో చాలామంది పిల్లలు అమెరికాలో స్థిరపడ్డారు. పురుళ్ళకనో, మనవలను చూడాలనో అక్కడికి వెళ్ళినప్పుడు పిల్లలు మనల్ని కారెక్కించి తిప్పుతారు. ఆ తిరుగుళ్ళలో ఎక్కడో ఒకచోట దుంగల ఇల్లు చూపిస్తారు. ఇటుక లేదు, సున్నం లేదు. చెట్ల మానులను అడ్డంగా ఒకదాని మీద ఒకటి పేర్చి, మూలల దగ్గర గాట్లు కోసి ఒకదానిలో ఒకటి ఇమిడ్చి కట్టిన ఇల్లు. మనం ముచ్చటపడి ఫొటో దిగుతాం. కాని ఆ దుంగల మీద బెరడు ఉందా, ఒలిచేశారా అని ఎవరం చూడం. ఆ ఇల్లు ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది చాలావరకు ఆ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది.

బెరడుతో వచ్చే చిక్కు

చెట్టు బతికి ఉన్నంత కాలం బెరడు దానికి కవచం. ఎండ నుంచి, దెబ్బ నుంచి, పురుగు నుంచి కాపాడుతుంది. చెట్టు కూలిన మరుక్షణం ఆ కవచమే శత్రువు అవుతుంది. కారణం తెలుసుకోవడం కష్టమేమీ కాదు.

పైకి గరుకుగా కనిపించే బెరడు కింద మెత్తని పొర ఒకటి ఉంటుంది. ఆకులు తయారుచేసిన తీపి ద్రవం కిందికి దిగేది ఈ పొరలోనుంచే. అంటే చెట్టు తిండి అంతా అక్కడే. అది మనిషి కూడా తినగలిగినంత తిండి. 1866-68 సంవత్సరాలలో ఫిన్లాండ్‌ను పెద్ద కరువు పీడించినప్పుడు జనం దేవదారు జాతికి చెందిన పైన్ చెట్ల లోపలి బెరడును ఎండబెట్టి, పొడికొట్టి, పిండిలో కలిపి రొట్టెలు చేసుకుని తిన్నారు. మనిషికే పనికొచ్చిన ఆహారాన్ని పురుగులు వదులుతాయా? బెరడును తొలిచే పెంకు పురుగులు బెరడుకూ చెక్కకూ మధ్య సొరంగాలు చేసి గుడ్లు పెడతాయి. వాటి వెంట బూజు వస్తుంది.

రెండో చిక్కు తేమ. పచ్చి దుంగలోని నీరు బయటికి పోవాలి. బెరడు దానిని పోనివ్వదు. వాన పడితే బెరడు సందుల్లో చేరిన నీరు అక్కడే నిలుస్తుంది. చెక్కలో తేమ 20 శాతానికి లోపు ఉంటే కుళ్ళు పుట్టించే శిలీంధ్రాలు సాధారణంగా పెరగలేవు. బెరడు ఉన్న దుంగ ఆ స్థితికి రావడానికి చాలాకాలం పడుతుంది. ఈలోగా కుళ్ళు పట్టనే పడుతుంది.

మూడోది, దుంగ ఎండేకొద్దీ కుంచించుకుపోతుంది. బెరడు దానితోపాటు కుంచించుకోదు. పట్టు వదిలి, పెచ్చులుగా ఊడి రాలుతుంది. అంటే మనం తీసినా తీయకపోయినా చివరికి అది పోయేదే. మనం తీస్తే ఇల్లు మిగులుతుంది. దానంతట అది పోతే పురుగుకూ కుళ్ళుకూ ఇంట్లో చోటు ఇచ్చి మరీ పోతుంది.

ఎప్పుడు ఒలవాలి?

ఇందులో పెద్ద సూత్రం ఉంది. చలిదేశాలలో వసంతం రాగానే చెట్టులో కదలిక మొదలవుతుంది. బెరడుకూ చెక్కకూ నడుమ కొత్త కణాలు పుట్టే సన్నని పొర జిగటగా, లేతగా మారుతుంది. ఆ రోజుల్లో ఒకచోట గాటు పెట్టి లాగితే అరటి తొక్క వలిచినట్టు బెరడు బారెడు పొడవున ఊడి వస్తుంది. అదే చలికాలంలో కొట్టిన చెట్టుకైతే బెరడు కరుచుకుని ఉంటుంది. అంగుళం అంగుళం గీకాలి.

మరి వసంతంలోనే కొడితే సరిపోతుందిగదా అనిపిస్తుంది. సరిపోదు. వేసవి వేడికి పచ్చి దుంగ తొందరగా ఎండి పగుళ్ళు తీస్తుంది. బూజు పట్టి చెక్క నల్లబడుతుంది. పురుగుల కాలం కూడా అదే. అందుచేత అనుభవజ్ఞులు చలికాలంలో చెట్టు కొట్టి, మంచు మీద దుంగలను ఈడ్చి తెచ్చి, పురుగు లేచేలోగా వసంతంలో బెరడు తీయడం మేలన్నారు. పని ఎక్కువే, కాని దుంగ నిదానంగా ఎండుతుంది.

పనిముట్లు కూడా ఇందుకు తగినవే. పొడుగాటి పిడికి గరిటె వంటి ఇనుప అలుగు బిగించిన సాధనం ఒకటి. దానిని బెరడు కింద దోపి ఎత్తుతారు. రెండు కొసలా పిడి ఉన్న కత్తి మరొకటి. దుంగకు అటూ ఇటూ కాళ్ళు వేసి కూర్చుని, రెండు చేతులతో దానిని తమవైపు లాగుతూ గీకుతారు. మన వడ్రంగుల బాడిస చేసే పని వంటిదే ఇదీను. ఒక ఇంటికి పదులకొద్దీ దుంగలు కావాలి. ప్రతి దుంగనూ తిప్పి తిప్పి నాలుగు వైపులా గీకాలి. నడుము విరిగే చాకిరీ. అందుకే తొందరలో ఉన్నవాళ్ళు ఈ పనినే ఎగవేసేవారు.

ఉత్తర ఐరోపా నుంచి అమెరికాకు

దుంగల ఇల్లు అమెరికావారి సొంత సృష్టి అని చాలాకాలం అందరూ నమ్మారు. 1607లో జేమ్స్‌టౌన్‌లో, 1620లో ప్లిమత్‌లో దిగిన ఇంగ్లీషువారు మొదటినుంచీ దుంగల ఇళ్ళే కట్టుకున్నారని బొమ్మలు కూడా వేశారు. హెరాల్డ్ షర్ట్‌లెఫ్ అనే చరిత్రకారుడు ఈ నమ్మకాన్ని పరిశీలించి, అది కట్టుకథ అని తేల్చారు. ఆయన మరణానంతరం 1939లో ఆ పుస్తకం వెలువడింది. ఇంగ్లీషువారికి తమ దేశంలో ఆ విద్య అలవాటు లేదు. వారు చట్రం కట్టి పలకలు బిగించిన ఇళ్ళు కట్టుకున్నారు.

ఆ విద్య తెలిసినవారు స్వీడన్, ఫిన్లాండ్ ప్రజలు. 1638లో డెలావేర్ నదీ ప్రాంతంలో, నేటి విల్మింగ్టన్ దగ్గర క్రిస్టీనా కోట కట్టి, న్యూ స్వీడన్ అనే వలస నెలకొల్పారు. అక్కడికి వచ్చిన ఫిన్లాండ్ అడవి రైతులు గొడ్డలి ఒక్కటి చేతిలో ఉంటే ఇల్లు లేపగలిగినవారు. తరువాత వచ్చిన జర్మన్లకూ ఇటువంటి పద్ధతే తెలుసు. ఈ రెండు ధారలూ కలిసి పడమటి అడవుల్లోకి పాకాయి.

ఈ ఉత్తరాది వారు బెరడును ఎంత బాగా అర్థం చేసుకున్నారో చెప్పే విషయం ఇంకొకటి ఉంది. పైన్ దుంగ మీద బెరడును ఉంచనివ్వని వాళ్ళే, బిర్చ్ అనే చెట్టు బెరడును భద్రంగా ఒలిచి ఇంటి కప్పు మీద పరిచేవారు. బిర్చ్ బెరడు నీటిని లోపలికి రానివ్వదు, తొందరగా కుళ్ళదు. నార్వేలో పచ్చగడ్డి మొలిచిన ఇంటి కప్పులు చూస్తాం. ఆ మట్టి కింద పొరలు పొరలుగా ఉన్నది బిర్చ్ బెరడే. పునాది రాళ్ళకూ మొదటి దుంగకూ నడుమ కూడా చెమ్మ ఎక్కకుండా దానినే పరిచేవారు. ఏ బెరడు పనికివస్తుందో, ఏది ఎక్కడ ఉండకూడదో తెలిసి ఉండటమే విద్య.

గుడిసె వేరు, ఇల్లు వేరు

అమెరికా సరిహద్దు అడవుల్లో కాపురం పెట్టిన కుటుంబానికి చలికాలం రాకముందే తలదాచుకునే చోటు కావాలి. బెరడు గీకుతూ కూర్చునే వ్యవధి ఉండదు. ఉన్న దుంగలను ఉన్నట్టే పేర్చి, సందుల్లో నాచో గడ్డో కూరి, మట్టి మెత్తేవారు. రెండు మూడేళ్ళు గడిస్తే చాలుననుకునేవారు. పొలం చేతికొచ్చాక సరైన ఇల్లు కట్టేవారు. దీనికి దుంగలను గొడ్డలితో రెండు వైపులా చదునుగా చెక్కేవారు. దానితో బెరడే కాదు, ఆ కింద ఉండే తెల్లచెక్క కూడా చాలావరకు పోయి, చేవ మిగిలేది.

1803లో ఒహాయో ప్రాంతంలో పర్యటించిన థాడియస్ హారిస్ అనే ఆయన ఈ తేడాను స్పష్టంగా రాసి పెట్టారు. చెక్కని దుంగలతో, సందుల్లో నాచు కూరి, మట్టి మెత్తి తాత్కాలికంగా కట్టినది క్యాబిన్. చెక్కిన దుంగలతో, సందుల్లో రాళ్ళు పెట్టి శుభ్రంగా మెత్తి, కప్పును చెక్క పెంకులతో నేసినది దుంగల ఇల్లు. ఆ కాలం నాటి ఇళ్ళలో ఈనాటికీ నిలిచి ఉన్నవి చాలావరకు రెండో రకానివే. మొదటి రకానివి మట్టిలో కలిసిపోయాయి.

అయినా ప్రజల మనసులో నిలిచిపోయింది మాత్రం మొదటి రకమే. 1840 అధ్యక్ష ఎన్నికలలో విలియం హెన్రీ హారిసన్ పక్షం వారు దుంగల గుడిసెను తమ గుర్తుగా ఊరూరా ఊరేగించారు. తమ నాయకుడు సామాన్యుడని చెప్పుకోవడానికి అది పనికొచ్చింది. ఆయన పుట్టింది వర్జీనియాలో పెద్ద ఇటుక భవంతిలో! ఎన్నికల్లో మాత్రం గెలిచారు.

బెరడుకు వెల, దుంగకు కుళ్ళు

ఆ రోజుల్లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్స్‌కిల్ కొండల్లో దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ నడిచింది. అక్కడ హెమ్లాక్ అనే చెట్ల అడవులు ఉండేవి. వాటి బెరడులో తోళ్ళు పదునుచేసే వగరు పదార్థం మెండుగా ఉంటుంది. మన దేశంలో తంగేడు పట్ట, తుమ్మ పట్ట తోళ్ళ పరిశ్రమకు వాడినట్టే అక్కడ హెమ్లాక్ బెరడు వాడారు. 1820లలో జేడక్ ప్రాట్ అనే ఆయన తన పేర వెలసిన ప్రాట్స్‌విల్ ఊళ్ళో చాలా పెద్ద తోళ్ళ కర్మాగారం పెట్టారు. ఎండాకాలం రాగానే కూలీలు అడవిలోకి వెళ్ళి, చెట్లు కూల్చి, బెరడు ఒలుచుకుని, ఆ మానులను చాలాచోట్ల అక్కడే వదిలేసి వచ్చేవారు. తెల్లగా ఒలిచిన దుంగలు కొండల నిండా పడి కుళ్ళిపోయాయి. ఇల్లు కట్టుకునేవాడు దుంగ కోసం బెరడును పారేస్తే, వీరు బెరడు కోసం దుంగను పారేశారు. చుట్టుపక్కల హెమ్లాక్ అయిపోగానే కర్మాగారాలు ఒకటొకటిగా మూతపడ్డాయి.

బెరడు మోజు

పందొమ్మిదో శతాబ్దం చివరికి అమెరికాలో ధనవంతులు పెరిగారు. పట్నాల హడావుడి నుంచి అడవికి పోయి విశ్రాంతి తీసుకోవాలనే సరదా పుట్టింది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఆడిరాన్డాక్ కొండల్లో 1877 నుంచి విలియం వెస్ట్ డ్యూరాంట్ పైన్ నాట్ అనే విడిది నిర్మించారు. అటువంటి విడిదులలో బెరడుతో ఉన్న దుంగలూ, వంకర కొమ్మలే అలంకారం. బీదరికం వల్ల ఒకప్పుడు ఒలవకుండా వదిలేసిన బెరడును, సంపద వచ్చాక అందం కోసం ఉంచుకున్నారన్నమాట. బెరడు ఊడకుండా ఉండటానికి చలికాలంలో కొట్టిన చెట్లనే వాడేవారు. కప్పును చూరు బయటికి బాగా పొడిగించి వాన తగలకుండా చూసేవారు. ఎన్ని చేసినా మరమ్మతులు తప్పేవి కావు.

ఈ మోజుకు పరాకాష్ఠ ఎల్లోస్టోన్ పార్కులోని ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ హోటల్. అమెరికా వెళ్ళిన మన సభ్యులలో కొందరైనా దీనిని చూసే ఉంటారు. వేడినీటి బుగ్గ ఎదురుగా ఉన్న ఆ పెద్ద చెక్క భవనాన్ని రాబర్ట్ రీమర్ అనే వాస్తుశిల్పి రూపొందించారు. 1903-04 చలికాలంలో పని సాగించి 1904 జూన్‌లో తెరిచారు. లోపలి హాలు ఎత్తు సుమారు 76 అడుగులు. చుట్టుపక్కల దొరికిన లాడ్జ్‌పోల్ పైన్ మానులు, వంకర తిరిగిన కొమ్మలు అన్నీ బెరడుతోనే నిలబెట్టారు. అడవిలో నిలబడ్డట్టు అనిపించాలని ఆయన ఉద్దేశం. ఇంటి లోపలి మానులు కాబట్టి వాన తగలలేదు. అయినా ఇంత ఎత్తున గరుకు బెరడు ఉంటే దుమ్ము దులపడం ఎవరి తరం? చివరికి 1940లో ఆ బెరడంతా ఒలిపించేశారు. ఇప్పుడు యాత్రికులు నిమిరి చూసే నునుపైన తేనెరంగు స్తంభాలు అలా బయటపడ్డవే. 1959లో పెద్ద భూకంపానికీ, 1988లో పార్కును చుట్టుముట్టిన కార్చిచ్చుకూ తట్టుకుని ఆ భవనం నిలిచింది.

బెరడు చెప్పే సాక్ష్యం

ఇంతవరకు బెరడు తీయడం వల్ల కలిగే మేలు చెప్పాను. చరిత్రకారుడి దృష్టితో చూస్తే రెండో పక్షం కూడా ఉంది.

చెట్టు ఏడాదికొక వలయం చొప్పున లావెక్కుతుంది. వానలు బాగా పడిన ఏడు వలయం వెడల్పుగా, కరువు ఏడు సన్నగా ఉంటుంది. ఒకే ప్రాంతంలోని చెట్లన్నిటిలోనూ ఈ వరస ఒకేలా కనిపిస్తుంది. ఖగోళ శాస్త్రవేత్త ఆండ్రూ డగ్లస్ సూర్యుని మచ్చల సంగతి పరిశీలించబోయి ఈ విద్యకు ఆద్యులయ్యారు. ఆరిజోనాలోని షో లో అనే ఊళ్ళో 1929లో దొరికిన సగం కాలిన దూలం ఒకటి, అప్పటివరకు తెగిపోయి ఉన్న వలయాల వరసను కలిపింది. దానితో అమెరికా ఆదిమవాసులు కట్టిన ప్యూబ్లో బొనీటో వంటి ప్రాచీన నివాసాల కాలం సంవత్సరాలతో సహా తేలింది.

దూలానికి పెన్సిలంత సన్నని రంధ్రం చేసి తీసిన ముక్కతో వలయాలు లెక్కపెడతారు. చెట్టును ఏ ఏడు కొట్టారో కచ్చితంగా చెప్పాలంటే ఆఖరి వలయం ఉండాలి. అది ఉండేది సరిగ్గా బెరడు కిందనే. బెరడు మాత్రమే ఒలిచి ఉంటే ఆ వలయం మిగులుతుంది. గొడ్డలితో లోతుగా చెక్కితే పై వలయాలు పోతాయి. అప్పుడు ‘ఫలానా సంవత్సరం తరువాత’ అని మాత్రమే చెప్పగలరు. అందుచేత పాత ఇంట్లోకి అడుగుపెట్టిన పరిశోధకుడు మొదట వెతికేది, దూలం మూలనో వంపులోనో పనివాడు గీకకుండా వదిలేసిన అంగుళం బెరడు కోసం. ఆనాడు మేస్త్రి చూస్తే కోప్పడి ఉండే నిర్లక్ష్యమే ఈనాడు చరిత్రకు ఆధారం.

అబ్రహాం లింకన్ 1809 ఫిబ్రవరి 12న కెంటకీ రాష్ట్రంలో దుంగల గుడిసెలో పుట్టారని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. ఆ మాట నిజం. అయితే హాడ్జెన్‌విల్ దగ్గర ఆయన జన్మస్థలంలో 1911లో ప్రారంభించిన పాలరాతి స్మారక మందిరంలో ఒక గుడిసె ఉంది. మందిరం మెట్లు 56, ఆయన బతికిన ఏళ్ళకు గుర్తు. లోపలున్నది ఆయన పుట్టిన గుడిసేనని లక్షల మంది తల వంచి దర్శించుకున్నారు. ఆ దుంగలను అంతకుముందు ప్రదర్శనల కోసం ఊళ్ళు తిప్పారు, విప్పారు, మళ్ళీ కట్టారు. 1948లో రాయ్ హేస్ అనే పరిశోధకుడు దస్తావేజులు పరిశీలించి అనుమానం వెలిబుచ్చారు. 2004లో వలయాలను లెక్కించి చూస్తే, ఆ దుంగలలో అన్నిటికన్నా పాతది కూడా 1848 నాటిదని తేలింది. అప్పటికి లింకన్‌కు 39 ఏళ్ళు! ఇప్పుడు దానిని ప్రతీకాత్మక జన్మగృహం అని మాత్రమే పిలుస్తున్నారు. పార్కుల శాఖవారు ఆ నిజాన్ని దాచకుండా ప్రజలకు చెప్పడం మెచ్చుకోదగిన విషయం. లింకన్ గొప్పతనానికి దానివల్ల ఏ లోటూ రాలేదు.

మన ఇళ్ళ మాట

మనవైపు దుంగలు పేర్చి గోడలు కట్టే అలవాటు లేదు. కాని కర్ర విషయంలో మన పెద్దలకూ ఈ సూక్ష్మం తెలుసు. చెట్టు కొట్టగానే పట్ట తీసేసేవారు. దూలానికి చేవ ఉన్న కర్రనే ఎంచేవారు. చేవ అనే మాటను మనిషి సత్తాకు కూడా వాడుతున్నామంటే ఆ పరిజ్ఞానం మన భాషలోకి ఎంతగా ఇంకిపోయిందో చూడండి.

కోస్తా జిల్లాలలో పాత మండువా ఇళ్ళలో రంగం టేకు ఉందని గొప్పగా చెప్పుకునేవారు. బర్మా అడవుల్లో ఆ టేకు చెట్టును పచ్చిగా ఉండగా కొట్టేవారు కాదు. మొదలు చుట్టూ బెరడునూ, దాని కింది తెల్లచెక్కనూ గాటు పెట్టి వదిలేసేవారు. రెండు మూడేళ్ళకు చెట్టు నిలువునా ఎండేది. పచ్చి టేకు నీట మునుగుతుంది, ఎండినది తేలుతుంది. అలా ఎండినదానిని కొట్టి నదుల మీదుగా రంగానికి తేల్చేవారు. అక్కడి రేవుల్లో, మిల్లుల్లో చాకిరీ చేసినవారిలో మన తెలుగు కూలీలు వేలాదిమంది. అటవీ శాఖలో పనిచేసిన మిత్రులకు ఈ గాటు పద్ధతి కొత్త కాదు.

టేకుకు కూడా ఏడాదికొక వలయం స్పష్టంగా ఏర్పడుతుంది. ఉష్ణదేశపు చెట్లలో ఇది అరుదు. పుణెలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాపికల్ మెటీరాలజీ శాస్త్రవేత్తలు టేకు వలయాల ఆధారంగా వెనకటి వానల తీరును అధ్యయనం చేశారు. మనం పాత సామాను కింద తూకానికి అమ్మేసే దూలంలో ఏయే ఏళ్ళు వానలు పడ్డాయో, ఏయే ఏళ్ళు కరువు వచ్చిందో రాసి ఉందన్నమాట.

సభ్యులకు నా మనవి ఒక్కటే. ఊళ్ళో తాతల నాటి ఇల్లు పడగొట్టక తప్పని పరిస్థితి చాలా కుటుంబాలకు వస్తోంది. పిల్లలు దూరాన ఉన్నారు, చూసుకునేవారు లేరు; తప్పు పట్టవలసిన పని లేదు. కాని దూలాలు దింపే రోజున దగ్గర ఉండండి. ఇల్లు ఎప్పుడు కట్టారో, కర్ర ఎక్కడినుంచి తెచ్చారో, వడ్రంగి ఎవరో మీకు తెలిసినంతవరకు ఒక కాగితం మీద రాసి పిల్లలకు ఇవ్వండి. దూలం కొస ఎక్కడైనా కాస్త పట్ట మిగిలి ఉంటే ఆ ముక్కను కోయించి, ఊరి పేరు, తేదీ రాసి దాచండి. లింకన్ గుడిసె విషయంలో వంద సంవత్సరాల తరువాత గాని బయటపడని నిజం, మన ఇంటి విషయంలో మన చేతివ్రాతలోనే మిగులుతుంది.